ఎవరూ చూడని ఆఖరి రంగం

సువర్ణరాజు మాస్టారు రాసిన నాటికకు ఆఖరి రంగం ఒకటుందని ఆయనకీ, ఆడేవాళ్లకీ తప్ప ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదు. ముసునూరులో ఆడారు. రెడ్డిగూడెంలో ఆడారు. జి. కొండూరులో ఆడారు. మూడు ఊళ్లలోనూ జనం పొట్టలు చెక్కలయ్యేలా నవ్వారు. మూడు ఊళ్లలోనూ ఆఖరి రంగం మొదలవబోతుండగా గంట మోగింది, తెర పడింది. నాటిక పేరేమో ‘ఆఖరి కాపు’. ఆ ఆఖరు ఏమిటో చూసిన నరమానవుడు లేడు.

దీనికి బాధ్యులెవరో తేల్చడానికి కమిటీలు వెయ్యక్కర్లేదు. లేయమ్మ.

పోటీ నాటికలకి ఒక నియమం ఉంది. తెర లేచిన దగ్గర్నుంచి అరవై నిమిషాలు. అరవయ్యో నిమిషం నిండగానే న్యాయనిర్ణేతల పక్కన కూర్చున్న టైమ్‌కీపరు గంట కొడతాడు. కథానాయకుడు ప్రాణం విడుస్తూ ఉన్నా సరే, సగం విడిచాక తెర పడిపోతుంది. ఎలాగో ఒకలా అరవై దాటి ఆడారా, నాటికని పోటీలోంచే తీసేస్తారు. సువర్ణరాజు ముప్పయ్యేళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి, టైము గురించి ఆయనకి ఒకరు చెప్పేదేముంది? మెళ్లో స్టాప్‌వాచీ, జేబులో విజిలు ఇప్పటికీ వదల్లేదు. రిహార్సల్స్‌లో ప్రతి రంగాన్నీ కొలిచాడు. మొత్తం యాభై అయిదు నిమిషాలు, చేతిలో అయిదు మిగులు. అంతా పకడ్బందీగా ఉందనుకున్నాడు. కానీ రిహార్సల్స్ జరిగింది స్కూలు వెనకాల స్టోరు రూములో. విరిగిన బెంచీలూ, గాలి పోయిన ఫుట్‌బాళ్లూ తప్ప చూసేవాళ్లెవరూ లేరు. నవ్వుకి కూడా టైము పడుతుందన్న సంగతి అంత అనుభవం ఉన్న మనిషికి తట్టనే లేదు.

లేయమ్మకి యాభై ఎనిమిదేళ్లు. పొట్టి మనిషి, బొద్దు మనిషి, ఎడమ కనుబొమ్మ కుడిదానికన్నా కాస్త పైన ఉంటుంది. ముప్పై రెండేళ్లుగా స్టేజీ మీద హాస్య వేషాలే వేస్తోంది. వంటమనిషి, పక్కింటావిడ, నోరున్న అత్తగారు, నోరు లేని నర్సు, అన్నీ ఆవిడే. ఈ చుట్టుపక్కల మామిడి ఊళ్లలో ఆవిడ బస్సెక్కితే కండక్టరు టికెట్టు కొట్టకముందే నవ్వుతాడు. మందుల షాపులో జ్వరం మాత్ర అడిగినా పక్కన నిలబడ్డవాళ్లు నవ్వుతారు. ఆవిడ కూడా వాళ్లతో నవ్వేసి మాత్ర తీసుకుని వెళ్లిపోతుంది.

‘ఆఖరి కాపు’లో లేయమ్మది మామిడితోట కాపలా కాసే కోటమ్మ వేషం. రెండో రంగంలో తోట యజమాని వచ్చి పండు తిన్నావా అని గద్దిస్తాడు. యజమాని వేషం కిషోర్ బాబుది. బయట ఎరువుల కొట్టు నడుపుతాడు, గొంతు పెద్దది. కోటమ్మ ఒట్టు వేస్తుంది. పదేళ్లుగా కాస్తున్నా పండు రుచేంటో ఎరగనంటుంది. అంటూనే చేతిలో లేని పండుని రెండు అరచేతుల మధ్య మెత్తగా నలుపుతుంది. ముచ్చిక దగ్గర కొరికి, తొక్క ముక్క పక్కకి ఊసేసి, ఒక్క పీల్పు పీలుస్తుంది. రసం మణికట్టు మీంచి మోచేతి దాకా జారుతుంది. ఆ మోచేతిని నాలికతో అందుకోబోతుంది. అందదు. మెడ సాచుతుంది. ఇంకా అందదు. ఏమీ ఎరగనట్టు ఆ మోచేతిని యజమాని భుజానికి తుడిచేస్తుంది. కిషోర్ బాబు ఇంటికెళ్లాక చొక్కా విప్పి చూసుకున్నాడని వాళ్లావిడ అందరికీ చెప్పింది.

రెడ్డిగూడెంలో ముందు వరసలో ఇద్దరు రైతులు ఆ లేని పండు ఏ రకమన్నదాని మీద తగువు పడ్డారు. ఒకాయన అది చిన్నరసమన్నాడు. ఇంకొకాయన పెద్దరసమన్నాడు. నాటిక అయ్యాక స్టేజీ వెనక్కొచ్చి అడిగేదాకా ఊరుకోలేదు. “చిన్నరసమేనండీ. పెద్దరసమైతే చెయ్యి ఇంకొంచెం తెరుస్తాను” అని లేయమ్మ మొహం కడుక్కుంటూ చెప్పింది. ఓడిపోయినాయన కూడా ఒప్పుకుని దణ్ణం పెట్టి వెళ్లాడు. పక్కనే నిలబడి సువర్ణరాజు అంతా విన్నాడు. కోటమ్మని రాసింది తనే. కానీ స్క్రిప్టులో ఉన్నది ‘కోటమ్మ ఒట్టు వేస్తుంది’ అన్న మూడు మాటలే. ఆ పండూ, ఆ మోచెయ్యీ, చెయ్యి తెరిచే కొలతా ఎక్కణ్ణుంచి వచ్చాయో ఆయనకి తెలియదు.

ఇక ఆ తర్వాతది లేయమ్మ ఏడుపు. యజమాని ఒట్టు నమ్మకపోతే కోటమ్మ ఏడుస్తుంది. ఇది ‘ఆఖరి కాపు’కి మాత్రమే చెందిన ఏడుపు కాదు, ముప్పై రెండేళ్ల ఆస్తి. ఏ నాటికైనా లేయమ్మ ఒకసారి ఏడవాల్సిందే, లేకపోతే జనం ఊరుకోరు. ముందు కింది పెదవి వణుకుతుంది. తర్వాత ముక్కులోంచి సన్నగా ఒక కూత బయల్దేరుతుంది, కుక్కరు విజిలు రాబోయే ముందు వచ్చేలాంటిది. భుజాలు రెండూ ఒకేసారి లేస్తాయి గానీ ఒకటి ముందు దిగుతుంది, రెండోది తీరిగ్గా దిగుతుంది. మధ్యలో ఎక్కిలి. ఆ ఎక్కిలికి ఆవిడే ఉలిక్కిపడి, ఎవరిదా అని పక్కకి తిరిగి చూస్తుంది. అంతే, హాలు లేచిపోతుంది. ముసునూరులో ఒకావిడ నవ్వలేక కుర్చీలోంచి జారి కింద కూర్చుంది.

ఇంత నవ్వు ఏ రచయితకి చేదు? సువర్ణరాజుకి చేదే. ఎందుకంటే ఆ నాటిక ఆయన నవ్వు కోసం రాయలేదు.

కోటమ్మ వట్టి కల్పన కాదు. సువర్ణరాజు తల్లి ముసునూరు దగ్గర ఒక ఆసామి తోటకి ఇరవై ఆరేళ్లు కాపలా కాసింది. కోతుల్ని తిట్టి, పిల్లల్ని తరిమి, దారిన పోయేవాళ్లందరితో పరాచికాలాడి బతికిన మనిషి. ఆసామి తోట కొట్టించి పామాయిల్ మొక్కలు పెట్టించాడు. చెట్లు కొట్టేసిన మర్నాడు పొద్దున కూడా ఆవిడ మామూలుగానే కర్ర పట్టుకుని వెళ్లి, మోళ్ల మధ్య కూర్చుని ఏడ్చిందని ఎవరో చెప్పారు. ఆ రోజు సువర్ణరాజు బడిపిల్లల్ని ఆటల పోటీలకి ఏలూరు తీసుకెళ్లాడు. తిరిగొచ్చి అడిగితే, “ఏడవడమేంట్రా, నాకేం పని లేదా” అని కొట్టిపారేసింది. ఏడాది తిరక్కుండా పోయింది. తను చూడని ఆ ఏడుపుని ఎవరైనా చూడాలని ఆయన కోరిక. ఆఖరి రంగం అదే. ముందున్న యాభై నిమిషాలూ దాన్ని మోసుకురావడానికి రాసినవి.

మూడు ఊళ్లలో మూడుసార్లు ఆ రంగం గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. మిగిలింది నూజివీడు ఒక్కటే. వానలు మొదలైతే ఈ ఏటికి పోటీలుండవు. పైగా యజమాని వేషగాడు కిషోర్ బాబు కొట్టు హైదరాబాదుకి మారుస్తున్నాడు. నూజివీడులో ఆడకపోతే ఆ రంగం ఇక కాగితం మీదే ఉండిపోతుంది.

జి. కొండూరు నుంచి వచ్చిన మర్నాడు ఉదయం సువర్ణరాజు టిఫిను కూడా తినకుండా తన నోటుబుక్కు ముందేసుకున్నాడు. ముసునూరులో స్క్రిప్టు మొత్తం ఆడారు. రెడ్డిగూడెం నాటికి ఆరు నిమిషాలు కోశాడు. జి. కొండూరుకి ఇంకో నాలుగు కోశాడు. అయినా మూడుసార్లూ ఆఖరి రంగం ముందుకొచ్చేసరికి యాభై తొమ్మిదిన్నర. ఒకసారి అటూ, ఒకసారి ఇటూ కాదు. మూడుసార్లూ యాభై తొమ్మిదిన్నరే.

“ఏంటండీ, పెసరట్టు చల్లారిపోతోంది” అంది ఆయన భార్య సుసన్నా.

“సుసన్నా, పరుగు పందెంలో ఒకడు మూడు రోజులు వరసగా ఒకే సెకనుకి వచ్చాడనుకో. దానర్థం ఏంటి?”

“బాగా పరిగెడుతున్నాడని.”

“కాదు. వాడు వాచీ చూసుకుని పరిగెడుతున్నాడని.”

అంటూనే లేచి స్కూటరు తీశాడు. పెసరట్టు అలాగే ఉండిపోయింది.

లేయమ్మ వరండాలో చాప పరుచుకుని ఆవకాయ ముక్కలు తుడుస్తోంది. ఒక్కొక్క ముక్కనీ పొడిగుడ్డతో అద్ది, జీడి తీసి, పక్కన వెదురు చాటలో వేస్తోంది.

“రండి మాస్టారూ. చెయ్యి ఖాళీ లేదు, కుర్చీ మీరే లాక్కోండి.”

“లేయమ్మ గారూ, ఒక మాట అడుగుతాను. కోప్పడకూడదు.”

“నేను కోప్పడితే మాత్రం ఎవరు నమ్ముతారండీ? అడగండి.”

సువర్ణరాజు నోటుబుక్కు తెరిచి మూడు ఊళ్ల టైములూ చదివాడు. లేయమ్మ వింటూ ముక్కలు తుడుస్తూనే ఉంది. మూడో యాభై తొమ్మిదిన్నర దగ్గర మాత్రం చెయ్యి ఆగింది.

“మీరు డ్రిల్లు మాస్టారని మర్చిపోయానండీ” అంది.

“అంటే కావాలనే చేశారా?”

“కావాలనే చేశాను. నవ్వుని ఎంతసేపు నిలబెట్టాలో నాకు తెలుసండీ. నాలుగో రంగంలో ఫోను పట్టుకుని తిరుగుతాను చూడండి, దాన్ని రెండు నిమిషాలు ఆడొచ్చు, ఏడు నిమిషాలు ఆడొచ్చు. మీరు కోసిన కొద్దీ అక్కడా, మిగతా చోట్లా పెంచుకుంటూ వచ్చాను.”

సువర్ణరాజుకి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దానికన్నా ముందు ఇంకొకటి వచ్చి అడ్డంగా నిలబడింది. ఏడొందల మంది నవ్వుని చేత్తో పట్టుకుని, వాచీ చూడకుండా, మూడు ఊళ్లలో అర నిమిషం తేడా లేకుండా తెచ్చి గంట కింద పెట్టిందంటే ఈవిడ ఎవరు? ముప్పయ్యేళ్లు వాచీ మెళ్లో వేసుకు తిరిగిన తను, ఆ పని నిద్రలో కూడా ఊహించలేడు.

“ఎందుకండీ మరి?” అన్నాడు చివరికి. గొంతులో కోపం మిగల్లేదు.

లేయమ్మ ఇంకో రెండు ముక్కలు తుడిచింది.

“మా రాయప్ప మీకు తెలుసు కదా.”

ఎందుకు తెలియదు. లేయమ్మ భర్త రాయప్ప నాటకాలకి మేకప్ వేసేవాడు. చనిపోయి నాలుగేళ్లయింది. ఆ రోజు సువర్ణరాజు ఊళ్లో లేడు, తర్వాత వచ్చి పలకరించి వెళ్లాడు.

“సమాధుల తోటలో పాస్టరు గారు వాక్యం చదివారు. మట్టి వెయ్యమన్నారు. గుప్పెడు మట్టి తీసి వేశాను. వేసేసరికి ఏడుపొచ్చింది. నాకు వచ్చే ఏడుపు ఒకటేనండీ, ఇంకొకటి లేదు. చిన్నప్పట్నుంచీ అంతే. దాన్నే స్టేజీ మీద వాడుకున్నాను. పెదవి వణికింది, ముక్కులోంచి కూత వచ్చింది. మా ఆడపడుచు పక్కనే ఉంది. అన్నగారు పోయాడని పొద్దున్నుంచీ ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నాయి. నా ఎక్కిలి వినగానే ఆవిడకి నవ్వొచ్చింది. పాపం, ఆపుకోవాలని చెంగు నోట్లో కుక్కుకుంది. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఇంకొకళ్లు. చెడ్డవాళ్లు కారండీ వాళ్లు, అందరూ మావాళ్లే. నేను ఆపేశాను. మళ్లీ ఇంతవరకూ ఎవరి ముందూ ఏడవలేదు, వేషానికి తప్ప.”

రిహార్సల్స్‌లో ఆఖరి రంగం వచ్చినప్పుడల్లా లేయమ్మ, “ఇక్కడ ఏడుస్తానండీ” అని నోటితో చెప్పి దాటేసేది. పోటీలో చూస్తాంలే అనుకుని సువర్ణరాజు ఏడుపుకని ఒక అర నిమిషం లెక్కలో కలుపుకునేవాడు. ఇప్పుడు అది గుర్తొచ్చింది.

“కోటమ్మ ఆ మోళ్ల మధ్య కూర్చుని ఏడుస్తుందా? జనం నవ్వుతారు మాస్టారూ. రెండో రంగంలో దానికే కదా నవ్వింది.”

“తీసేద్దామండీ ఆ రంగం” అన్నాడు సువర్ణరాజు. “అయిదో రంగంతో ముగిద్దాం. ఎవరికీ తెలియదు కూడా.”

“మీ అమ్మగారిది కదండీ అది.”

“అవును.”

“ఆవిడ ఏడిస్తే ఎవరూ చూడలేదు. నేను ఏడిస్తే అందరూ చూశారు. ఏది నయమంటారు?”

సువర్ణరాజు ఒక జీడి తీసుకుని వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు.

“ఉంచండి. ఆడతానో లేదో మాత్రం చెప్పలేను” అంది లేయమ్మ.

నూజివీడు పోటీలు కల్యాణమండపంలో పెట్టారు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ‘ఆఖరి కాపు’. పొద్దున మార్కెట్‌కి కాయ తోలేసిన రైతులు, ఇంటికెళ్లి స్నానం చేసి, ఆడవాళ్లని వెంటబెట్టుకుని వచ్చారు. హాలంతా సెంటు వాసన, దాని కింద మామిడిపండు వాసన. నాలుగు కూలర్లు గోల చేస్తున్నాయి తప్ప గాలి రావడం లేదు. కుర్చీలు చాలక గోడల వెంబడి నిలబడ్డారు.

టైమ్‌కీపరుగా వెంకటకృష్ణారావు గారు కూర్చున్నారు. నలభై ఎకరాల తోట ఉన్న పెద్ద రైతు. పోయినేడు తన సొంత అల్లుడు రవిచంద్ర నాటికకి కూడా మాట మధ్యలో గంట కొట్టేశాడు. కూతురు రెండు నెలలు తండ్రితో మాట్లాడలేదు. ఆయన మాత్రం “అరవై అంటే అరవై” అన్నాడు. ఆయన ముందు బల్ల మీద ఇత్తడి గంట, పక్కన గడియారం, గంట మీద ఆయన చెయ్యి.

సువర్ణరాజు స్టేజీ పక్కన, కుడి వింగులో నిలబడ్డాడు. తెర లేవగానే వాచీ నొక్కాడు.

లేయమ్మ కర్ర పట్టుకుని అడుగు పెట్టింది. ఇంకా మాట్లాడలేదు. ఊరికే తలెత్తి కొమ్మల్లోకి చూసింది. నవ్వు మొదలైంది. రెండో రంగంలో లేని పండు నలిపింది. ఇది నూజివీడు, పుట్టిన పిల్లలకి కూడా రసాల సంగతి తెలుసు. ముచ్చిక ఊసేయగానే వెనక వరసలోంచి ఎవరో “చిన్నరసం” అని కేకేశారు. చప్పట్లు కొట్టారు. మోచెయ్యి కిషోర్ బాబు భుజానికి తుడిచేసరికి కూలర్ల చప్పుడు కూడా వినిపించలేదు.

అప్పుడు చూశాడు సువర్ణరాజు. నవ్వు ఇంకా ఎక్కుతూ ఉండగానే లేయమ్మ గభాల్న మెడ తిప్పి, కొమ్మల్లో ఏదో అలికిడైనట్టు చెవి రిక్కించింది. హాలు మొత్తం ఆవిడతో పాటు చెవి రిక్కించింది. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో తర్వాతి మాట అనేసింది. మూడు ఊళ్లలో ఆ నవ్వు ఒకటిన్నర నిమిషం నడిచింది. ఇక్కడ ఇరవై సెకన్లు. అలాగని జనానికి ఏమీ తక్కువ కాలేదు. వాళ్ల మొహాలు పండగ మొహాల్లాగే ఉన్నాయి.

కోటమ్మ దొంగ ఏడుపు వచ్చింది. పెదవి, కూత, భుజాలు, ఎక్కిలి. హాలు విరగబడింది. ఎవరిదా అని పక్కకి చూడగానే ఇంకా విరగబడింది. లేయమ్మ ఒక్క వేలు పైకెత్తి, చెంగుతో ముక్కు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం ఏమిటో గానీ, బడిలో బెల్లు కొట్టినట్టు అందరూ సర్దుకుని కూర్చున్నారు. నాలుగో రంగంలో ఫోను రెండు నిమిషాల్లో అయిపోయింది. ఏడు నిమిషాల నవ్వూ ఆ రెండింట్లోనే నవ్వించింది. అదెలా చేసిందని అడిగితే సువర్ణరాజు చెప్పలేడు. వింగులో నిలబడి నోరు తెరుచుకుని చూశాడు. తను రాసిన నాటికే, మాటలన్నీ కంఠతా వచ్చు, అయినా చిన్నపిల్లాడిలా చూశాడు.

అయిదో రంగం అయి లైట్లు ఆర్పారు. వాచీ చూసుకున్నాడు. యాభై మూడు నిమిషాల పది సెకన్లు.

ఆడబోతోందన్నమాట.

లైట్లు వెలిగేసరికి స్టేజీ మీద చెట్ల బొమ్మలు లేవు. కోటమ్మ కర్ర పట్టుకుని వచ్చింది. అలవాటు ప్రకారం తలెత్తి కొమ్మల్లోకి చూసి, “హుష్” అంది. జనం నవ్వారు. ఇంకోసారి “హుష్” అంది. నవ్వారు. ఆవిడ చెయ్యి పైకెత్తింది, కొమ్మ అందుకోవడానికి. అంతకు ముందు లేని పండుని ఆ హాలు మొత్తానికీ చూపించిన చెయ్యి అది. ఇప్పుడు ఆ చేతికి ఏమీ తగల్లేదు. ఖాళీగా దిగింది. కోటమ్మ నేల మీద చతికిలబడింది.

కింది పెదవి వణికింది. ముక్కులోంచి కూత వచ్చింది.

హాలు గొల్లుమంది.

సువర్ణరాజు కళ్లు మూసుకున్నాడు. తప్పు చేశాను అనుకున్నాడు. మా అమ్మ కోసం ఈవిణ్ణి మళ్లీ ఆ సమాధుల తోటలో నిలబెట్టాను. జేబులో విజిలు తగిలింది. ఊదేసి తెర దించెయ్యమందామనుకున్నాడు, విజిలు బయటికి తీశాడు కూడా. కళ్లు తెరిచేసరికి లేయమ్మ ఏడుపు ఆపి జనం వైపు చూస్తోంది. ఏ మొహం ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు ఒక్కొక్క వరసా చూసింది. ఇక లేచి వెళ్లిపోతుందనుకున్నాడు.

లేవలేదు. మళ్లీ ఏడ్చింది. అదే పెదవి, అదే కూత, అదే భుజాలు. ఒక్కటి కూడా మార్చలేదు. ఎక్కిలి కూడా అదే. నవ్వారు గానీ ఈసారి సగం మందే నవ్వారు. నవ్వినవాళ్లు కూడా పక్కవాళ్ల వైపు చూశారు. ఆవిడ ఆపలేదు. మూడోసారి భుజాలు లేచి ఒకటి ముందు దిగింది, రెండోది తీరిగ్గా దిగింది. ఎవరో ఒక్కరు నవ్వి మధ్యలో మింగేశారు. ఎక్కిలి వచ్చింది. కోటమ్మ ఎవరిదా అని పక్కకి చూసింది. పక్కన ఎవరూ లేరు. ఆ సంగతి హాలు మొత్తానికి అప్పుడే తెలిసింది.

రెండో వరసలో ఒక ముసలమ్మ, పున్నమ్మ గారని తర్వాత తెలిసింది, కుర్చీలో ముందుకి వంగి, “ఊరుకోమ్మా, ఊరుకో” అంది. స్టేజీ మీద మనిషితో కాదు, గట్టు మీద మనిషితో అన్నట్టే అంది. ఎవరూ ఆవిణ్ణి నోరు మూసుకోమనలేదు. లేయమ్మ ఏడుస్తూనే ఉంది. గోడల వెంబడి నిలబడ్డ రైతులు తలలు దించుకున్నారు. తమ తోటల్లో చెట్లు కొట్టించినవాళ్లు వాళ్లలో ఎంతమంది ఉన్నారో వాళ్లకే తెలుసు.

సువర్ణరాజు తన తల్లిని చూశాడు. చూడలేకపోయానని పదకొండేళ్లు మోసినదాన్ని కళ్లారా చూశాడు. ఆవిడ ఇలాగే ఏడ్చి ఉంటుంది. చూసేవాళ్లకి నవ్వొచ్చేలాగే ఏడ్చి ఉంటుంది. దారిన పోయేవాళ్లు నిజంగా నవ్వే ఉంటారు. అందుకే తనకి చెప్పలేదు. ఆయన చొక్కా ముందుభాగం తడిసిపోయింది, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

కోటమ్మ కర్ర మీద చెయ్యి ఆనించి లేచింది. కర్రని నేల మీద పడుకోబెట్టింది, పసిపిల్లని పడుకోబెట్టినంత నెమ్మదిగా. వెళ్లిపోయింది. తెర దిగింది.

చప్పట్లు వెంటనే రాలేదు. వచ్చాక ఆగలేదు.

చాలాసేపటికి సువర్ణరాజు వాచీ చూసుకున్నాడు. తెర దిగినప్పుడు నొక్కడం మర్చిపోయాడు. అది ఇంకా పరిగెడుతోంది, అరవై ఆరు దాటిపోయింది. గంట ఎప్పుడు మోగిందా అని ఆలోచించాడు. మోగలేదు.

స్టేజీ వెనకాల అందరూ ఒకరినొకరు పట్టుకుని ఏదేదో మాట్లాడుతున్నారు. తెర పక్కకి తొలగించుకుని వెంకటకృష్ణారావు గారు వచ్చారు. కళ్లజోడు చేతిలో ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“మాస్టారూ, మీ నాటిక అరవై మూడు నిమిషాలు నడిచిందండీ. నేను గంట కొట్టలేదు. చెయ్యి గంట మీదే ఉంది, కొట్టాలన్న సంగతే మర్చిపోయాను. తప్పు నాది. కానీ రూలు ప్రకారం మీ నాటిక ఇక పోటీలో లేదు. నా అల్లుడికి లేని మినహాయింపు మీకు ఇవ్వలేను.”

“ఇవ్వొద్దండీ” అన్నాడు సువర్ణరాజు. ఆయన చేతులు రెండూ పట్టుకుని, “నేనూ వాచీ చూడలేదు” అన్నాడు.

వెంకటకృష్ణారావు గారు లేయమ్మ వైపు తిరిగి తల వంచి వెళ్లిపోయారు. పెద్ద రైతు, ఎవరికీ తల వంచే మనిషి కాదు.

లేయమ్మ ఒక మూల ఇనప పెట్టె మీద కూర్చుని ఉంది. మొహాన రంగు చారలు కట్టింది. ఇదివరకైతే తెర పడిన అయిదు నిమిషాల్లో మొహం కడిగేసుకుని చుట్టూ ఉన్నవాళ్లని నవ్విస్తూ ఉండేది. సువర్ణరాజు మంచినీళ్ల సీసా తీసుకెళ్లి ఇచ్చాడు. ఆవిడ తాగలేదు, ఒళ్లో పెట్టుకుంది.

“చివర్లో ఎవరన్నా నవ్వారా అండీ? నాకు వినిపించలేదు.”

“ముందు నవ్వారండీ. రెండోసారి కూడా కొంతమంది నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.”

లేయమ్మ తలూపింది.

“అయితే ఆ రోజు నేనే ముందు ఆపేశానండీ” అంది. “మొదటి నవ్వుకే ఆపేశాను. ఇంకాసేపు ఏడ్చుంటే వాళ్లే ఆగేవాళ్లు.”

సువర్ణరాజు ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాడు. తెర అవతల ఇంకా చప్పట్లు వినిపిస్తున్నాయి. తర్వాతి నాటిక వాళ్లు తమ సెట్టు సామాను పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు, లోపలికి రావడానికి మొహమాటపడుతున్నారు.

“రేపు పొద్దున మీరూ, సుసన్నా గారూ నాతో సమాధుల తోట దాకా వస్తారా మాస్టారూ?” అంది లేయమ్మ. “మా ఆడపడుచుని కూడా రమ్మంటాను.”

“తప్పకుండా వస్తామండీ. ఎన్నింటికి?”

“ఎన్నింటికైనా పరవాలేదు. కాస్త టైము పడుతుంది” అని, ఆవిడ ఆయన మెళ్లో వేలాడుతున్నదాని వైపు చూసింది. “వాచీ మాత్రం తీసుకురాకండి.”